జోక్యాలు: సున్నా

చిరంజీవి పిడుగుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ ఉన్నావనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ముగించేసరికి ఆ రెండూ నీకు ఉండకపోవచ్చు. కాబట్టి అన్నం తిన్నాకే చదువు.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. డాక్టరు మందేమీ ఇవ్వలేదు. ఏం పని చేస్తారని అడిగాడు. డ్రైవింగు స్కూల్లో, పక్కసీటు బ్రేకు మీద కాలు ఎత్తి పట్టుకుని నేర్పుతానని చెప్పాను. "రోజంతా కాలు గాల్లో పెట్టుకుని కూర్చుంటే ఇంకేమొస్తుంది మాస్టారూ, దింపుకోండి" అన్నాడు. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. మీ అమ్మ కళ్లద్దాలు మాత్రం ఇంకా మార్చలేదు. రెండుసార్లు బయల్దేరాం. రెండోసారి దుకాణం మెట్లదాకా వెళ్లాం. లోపల ఒక పెద్దాయన తెల్లగుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు. మీ అమ్మ ఆయన్ని చూసి, "వీటితోనే బాగా కనబడుతోంది లెండి" అని వెనక్కి తిరిగింది. నీ వ్యాను కింద పడి పోయినాయనది కూడా కళ్లద్దాల దుకాణమే కదా. ఆ మాట మేమిద్దరం అనుకోలేదు. ఇంటికి వచ్చాక బీరకాయ చెక్కు తీస్తూ వేలు కోసుకుంది.

ఇంక నీ పెద్ద ప్రశ్నలు రెండు. సోమవారం నుంచి మందుల గోదాం వాళ్లు వ్యాను మళ్లీ నీకే ఇస్తామన్నారు, తీసుకోనా అని అడిగావు. గురువారం విచారణకి ఆఖరిరోజు, వ్యాను బ్రేకులు బాగుచేసిన మెకానిక్ మీద కేసు ఖాయమంటున్నారు, ఆయన భార్య వచ్చి నీ సాక్ష్యం గురించి మరొక్కసారి ఆలోచించుకోమని బతిమాలింది, ఏం చేయను అని అడిగావు. ఈ రెండిటికీ ఒకటే జవాబు. అది వెంటనే రాసే ధైర్యం లేక వరసలో వస్తాను.

ఆ భార్య "పెడల్ గట్టిగా ఉందన్నావట తల్లీ, నీ కాలే గట్టిగా పడలేదేమో ఒకసారి గుర్తుచేసుకో" అందని రాశావు. దానికి నువ్వు "నాకు మా నాన్న నేర్పాడండీ, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల కాలు తప్పదు" అన్నావని రాశావు. ఆవిడ గోదాం గుమ్మంలో ఏడుస్తుంటే "కాస్త పక్కకి జరిగి ఏడవండి, పార్సిళ్లు తడుస్తాయి" అన్నావట. జోకులాగే రాశావు. నేను పైకి చదివి వినిపిస్తే మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత నవ్వలేదని చెప్పుకోకుండా ఉండటానికి.

స్కూలు సంగతులు చెబుతాను. పోయిన నెల రవాణా శాఖ నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. కొత్త విధానం వచ్చి మూడేళ్లయిన సందర్భమట. నీకు తెలిసిన విధానమే. అరవై గంటల శిక్షణ. శిక్షణ కారులో పక్కసీటు కింద మాస్టారుకి ఒక బ్రేకు. ఆ బ్రేకుకి ఒక బజరు. మాస్టారు కాలు పడిందంటే బజరు మోగాలి, మోగిన ప్రతిసారీ ప్రభుత్వం ఇచ్చిన పుస్తకంలో "జోక్యం" అని గీత పెట్టాలి. చివరి పది గంటల్లో మూడు గీతలు దాటితే ఆ పది గంటలూ మళ్లీ మొదటికి. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి విధానం లేదు. వైరుకి సీలు వేస్తామని కూడా రాశారు. మూడేళ్లలో సీలు పట్టుకుని ఎవరూ రాలేదు.

వచ్చిన ముగ్గురిలో పెద్దాయన నా పుస్తకాలు తిరగేసి, "మాస్టారూ, కడుపు నిండిపోయిందయ్యా. ముప్ఫై ఒక్కమంది, చివరి పది గంటల్లో ఒక్క జోక్యం లేదు. మిగతా చోట్ల బజర్లు రైలు కూతల్లా కూస్తున్నాయి. నీ కిటుకేంటి?" అన్నాడు.

"కాలు పెడల్ మీదే పెట్టుకుని కూర్చుంటాను సార్" అన్నాను.

ముగ్గురూ పగలబడి నవ్వారు. మన స్కూలు యజమాని అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను చెప్పింది అక్షరాలా నిజం. నా పుస్తకాల్లో ఒక పేజీని నకళ్లు తీయించి అన్ని స్కూళ్లకీ పంపుతామన్నారు. వాళ్లు ఎంచుకున్నది నీ పేజీ. "జోక్యాలు" అన్న గడిలో నేను గుండ్రంగా పెట్టిన సున్నా. నాకొక యోగ్యతాపత్రం ఇచ్చారు. అద్దం కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు.

ఆ తర్వాత తొమ్మిదో రోజున మెకానిక్ వచ్చాడు.

అవును, మీ మెకానిక్. ఒక రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి వచ్చాడు. మధ్యాహ్నం స్కూలు ఆవరణలో కారు తుడుస్తున్నాను. సన్నటి మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆయన రిజిస్టరు నకలు.

"మాస్టారంటే తమరేనాండీ?"

"నేనే."

"నేను ఆ వ్యాను మెకానిక్‌నండీ. తగువుకి రాలేదు, కంగారు పడకండి. ఒక అనుమానం పీడిస్తోంది. పనివాణ్ణి పనివాడే అడగాలి కదా అని వచ్చాను."

టీ తెప్పించాను. ఆయన తాగకుండా చేతిలో పట్టుకుని మాట్లాడాడు. "పెడల్ రాయిలా ఉందని అమ్మాయి చెప్పిందండీ. పెడల్ రాయి అవ్వాలంటే ఇంజను దగ్గర గాలి గొట్టం పగలాలి. విచారణవాళ్లు విప్పి చూశారు. నేనూ చూశాను. పగల్లేదు. పోనీ అమ్మాయి అబద్ధం చెబుతోందా అంటే, చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహం చూశానండీ, అబద్ధం కాదు. నిజంగానే దానికి రాయిలా తగిలింది. నలభై ఏళ్ల నుంచీ బ్రేకులు విప్పుతున్నాను, ఇది మాత్రం అంతు చిక్కట్లేదు. మీరే నేర్పారు కదా, ఆ పిల్ల కాలు మీకు తెలుసు. ఏమై ఉంటుందంటారు?"

నాకు తెలుసు. ఐదు నెలలుగా తెలుసు. ఆయన కళ్లలోకి చూసి, "మీ రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉందట కదా" అన్నాను.

"ఉందండీ. బ్రేకు లైనింగు మందం రాసే గడి. స్కేలు పక్కవాడు పట్టుకెళ్లాడు. వచ్చాక రాద్దామనుకుని మర్చిపోయాను. లైనింగు మాత్రం కొత్తదేనండీ."

"ఆ కళ్లద్దాలాయన మీరు వదిలేసిన ఆ గడిలోంచే పోయాడు" అన్నాను.

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకుంటే నాకు హాయిగా ఉండేది. మెల్లగా తల ఊపాడు. "అదే అయ్యుంటుందిలెండి. నాదే తప్పయ్యుంటుంది" అన్నాడు. టీ అప్పుడు తాగాడు.

వెళ్లబోతూ, రెండు బ్రేకుల బండి ఎప్పుడూ విప్పి చూడలేదని, ఒకసారి చూస్తానని అడిగాడు. కాదనడానికి సాకు దొరకలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పక్కసీటు ముందు తల లోపలికి పెట్టాడు. కాసేపటికి లోపల్నుంచే పిలిచాడు.

"మాస్టారూ, ఇక్కడ వైరు ఊడి వేలాడుతోందండీ. బజరుది. తమరు చూసుకున్నట్టు లేదు. మీరు తొక్కినా మోగదు. నేర్చుకునేవాళ్లకి ప్రమాదం కదండీ!"

ఆయన వైరు కొస పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, జేబులోంచి టేపు తీసి చుట్టాడు. అరచేత్తో పెడల్ నొక్కాడు. ఏడాది తర్వాత ఆ బజరు కూసింది. ఆయన బయటికి వచ్చి మోకాళ్లు దులుపుకుంటూ, ఆరోజు మొదటిసారి నవ్వాడు. "ఇప్పుడు నిక్షేపంలా ఉంది. టీ ఇచ్చారు, ఇదన్నా చేయకపోతే ఎలా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఒక కుట్టుపనావిడ పాఠానికి వచ్చింది. ఆవిడకి చివరి పది గంటలు నడుస్తున్నాయి. బజరు వైరు మళ్లీ తీసేయడానికి చెయ్యి పెట్టాను, పిడుగూ. దాచను. పెట్టి, ఆ టేపు చూసి తీయలేకపోయాను. ఆ గంటలో బజరు పదిహేడుసార్లు మోగింది.

"ఇదేంటి మాస్టారూ, ఇవాళ కొత్తగా కూస్తోంది? నేనేం తప్పు చేశాను? నిన్నటిదాకా బాగానే నడిపాను కదా!"

"నిన్నటిదాకా కూడా నేనే ఆపాను" అన్నాను.

ఆవిడ కారు పక్కకి తీసింది. ఆ తీయడంలో ఇంకోసారి మోగింది. ఇంజను ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "మరి నేను రోడ్డెక్కాక మీరు పక్కన కూర్చుంటారా?" అంది. దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పటికి నీకు సగం అర్థమై ఉంటుంది. మిగతా సగం నేనే చెప్పాలి.

ఆ వైరు ఊడిపోలేదు. నేను తీశాను. మొదట తీసింది నీ కోసం.

నీకు గుర్తుండే ఉంటుంది, నీ చివరి పది గంటలు మూడుసార్లు మొదటికి వచ్చాయి. బజరు మోగుతుందేమోనని భయపడి, ఆ భయంలో కాలు ఎక్కడుందో మర్చిపోయేదానివి. అప్పుడు మోగేది. గోదాం వాళ్లు నెలాఖరు దాకానే ఆగుతామన్నారు. మూడోసారి మొదటికి వచ్చినరోజు నువ్వు కారులోంచి దిగకుండా, "నా వల్ల కాదు నాన్నా, నన్ను వదిలెయ్" అన్నావు. ఆ సాయంత్రమే వైరు లాగేశాను. మర్నాడు బజరు మోగలేదు. నీ మొహం విప్పారింది. "నాన్నా, ఇవాళ ఒక్కటీ లేదు!" అన్నావు. "లేదు" అన్నాను.

ఆ కారులో నీ పెడల్‌కీ నా పెడల్‌కీ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. నేను తొక్కితే నీదీ దిగుతుంది. ఎర్రలైటు దగ్గర, మలుపు దగ్గర, ముందునుంచీ కనబడేచోట నువ్వే నెమ్మదిగా ఆపేదానివి. అది నీకు వచ్చు. ఏదైనా హఠాత్తుగా అడ్డం వస్తే మాత్రం నీ కాలు వచ్చి పెడల్ మీద ఆనేది, అంతే. అక్కడితో బిగుసుకుపోయేది. అప్పుడు నేను తొక్కేవాణ్ణి. నీ కాలి కింద పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయేది, కారు ఆగేది. నువ్వే ఆపాననుకునేదానివి. అలా నీ కాలు నేర్చుకున్నది ఒకటే పాఠం: ఆనిస్తే చాలు, దిగుతుంది.

పరీక్షరోజు కూడా అంతే. పరీక్షాధికారి వెనకసీట్లో కూర్చుని "బజరు పనిచేస్తోందా?" అన్నాడు. "పనిచేస్తోంది" అన్నాను. టిక్కు పెట్టుకున్నాడు. కుక్క అడ్డం వచ్చినప్పుడొకసారి, తోపుడుబండి వెనకనుంచి మనిషి వచ్చినప్పుడొకసారి నేనే తొక్కాను. దిగాక ఆయన నీ వేగం మెచ్చుకున్నాడు. "కాలు మెరుపమ్మా నీది" అన్నాడు. నువ్వు నాకేసి గర్వంగా చూశావు.

నేను రెండు పుస్తకాలు రాస్తానని నీకు తెలియదు. ప్రభుత్వానిదొకటి, నాదొకటి. బడి మధ్యలో మానేసినవాణ్ణి, లారీల వెనక నిలబడి చూసి నేర్చుకున్నవాణ్ణి, రాసుకోకపోతే నాకు ఏదీ నిలవదు. నా పుస్తకంలో నా కాలు పడిన ప్రతిసారీ చుక్క పెడతాను. నీ చివరి పది గంటలకి ఇరవై మూడు చుక్కలున్నాయి. పరీక్షకి రెండు.

ఏడు నెలలు నువ్వు వ్యాను నడిపినా ఏమీ కాలేదు. ఆ కళ్లద్దాలాయన దాకా హఠాత్తుగా ఏదీ అడ్డం రాలేదు కాబట్టి కాలేదు. ప్రమాదమైన మర్నాడు నువ్వు రాసిన నాలుగు ముక్కల ఉత్తరం నా దగ్గరుంది. "నువ్వు నేర్పినట్టే కాలు వేశాను నాన్నా. దిగలేదు. రాయిలా ఉంది." ఆ వాక్యం చదివిన నిమిషానికే నాకంతా తెలిసిపోయింది. కళ్లద్దాలాయన అప్పటికింకా ఆస్పత్రిలో బతికే ఉన్నాడు. మూడోరోజున పోయాడు. నువ్వు ఫోను చేసి, విచారణలో ఏం చెప్పమంటావని అడిగావు. "జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాను. నువ్వు చెప్పావు. నువ్వు ఒక్క అబద్ధమూ ఆడలేదు, పిడుగూ. నీ నిజాన్నే అబద్ధం చేసి నీ చేతికిచ్చాను.

విచారణ నివేదిక నకలు నువ్వే పంపావు. అందులో ఇలా ఉంది: "డ్రైవరు శిక్షణ పుస్తకంలో చివరి పది గంటల జోక్యాలు సున్నా. కనుక డ్రైవరు నైపుణ్యంలో లోపం లేదు. లోపం వాహనానిదే." మెకానిక్ మెడకి ఉరి బిగించింది ఆయన ఖాళీగా వదిలిన గడి కాదు, నేను నింపిన గడి.

ఇంకొకటి ఉంది. నీ తర్వాత ఆ వైరు మళ్లీ పెట్టలేదు. బజరు లేకపోతే నేర్చుకునేవాళ్లు నిమ్మళంగా ఉంటున్నారు, తొందరగా పాసవుతున్నారు, స్కూలుకి పేరొస్తోంది. ముప్ఫై ఒక్కమందిలో నువ్వు మొదటిదానివి మాత్రమే. ఒకడు స్కూలు బస్సు నడుపుతున్నాడు.

మొన్న మీ అమ్మకి చెప్పాను. వింటూ బట్టలు మడతపెడుతోంది. చివరిదాకా మడతపెట్టింది.

"దానికి రాయకండి" అంది.

"గురువారం ఆయన్ని ముంచేస్తారే."

"ఆయనకి అరవై వస్తున్నాయి. చేసినంత చేశాడు. దీనికి ఇరవై నాలుగు."

"రేపు సోమవారం వ్యాను ఎక్కితే ఇంకొకళ్లని..."

"ఎక్కొద్దని చెప్పండి. కళ్లు తిరుగుతున్నాయని మానేయమనండి. కారణం దేనికి? మీ మనసు తేలికపడాలని నా కూతుర్ని జైలుకి పంపుతారా?" అంది. మడతలు బీరువాలో పెడుతూ, "ఐదు నెలలు మోశారు కదా, ఇంకో పదేళ్లు మోయలేరా? అంత చేతకాని మనిషా మీరు?" అంది.

చేతనవును, నాకదే భయం. మెకానిక్ తల ఊపినప్పుడు లోపల నాకు కలిగింది బాధ కాదు. బతికిపోయాం అనుకున్నాను. పదేళ్లేమిటి, ఇరవయ్యేళ్లు మోయగలను. మీ అమ్మకి ఆ సంగతి చెప్పలేదు.

ఇంక నీ రెండు ప్రశ్నలకి జవాబు. వ్యాను తీసుకోకు. నీకు బ్రేకు వేయడం రాదు. ఈ మాట నీకెలా తగులుతుందో తెలిసే రాస్తున్నాను. మెత్తగా రాస్తే, అలసటవల్లో దిగులువల్లో మానమంటున్నాడనుకుని ఎక్కుతావు. కళ్లద్దాలాయన పోయింది నీ కాలి వల్ల. ఆ కాలిని అలా తయారుచేసింది నేను. ఇందులో మెకానిక్ లేడు.

నిన్న నా పుస్తకం అసలు ప్రతినీ, నా వాంగ్మూలాన్నీ, ముప్ఫై ఒక్కమంది పేర్లనీ రిజిస్టరు పోస్టులో విచారణాధికారికి పంపాను. అది మంగళవారం చేరుతుంది. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావు, వద్దంటే నేను సంతోషంగా ఆగిపోతాను. ఈ ఉత్తరం మాత్రం పోస్టులో వేయడం లేదు. మన వీధి పార్సిలు లారీ డ్రైవరు చేతికిస్తున్నాను, శనివారం నీ చేతిలోనే పెడతానన్నాడు. అంటే నీకు ఆదివారం, సోమవారం ఉంటాయి. మంగళవారంలోగా నువ్వే వెళ్లి, "నా కాలే గట్టిగా పడలేదు" అని చెబితే, అది నువ్వు చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే నేను పట్టించినట్టవుతుంది. కేసు రెండు రకాలుగానూ నడుస్తుంది, నన్నూ పిలుస్తారు. నిన్ను జైలుకి పంపుతారా లేదా అన్నది నాకు తెలియదు. తెలిసినట్టు ధైర్యం చెప్పను.

ముందు మెకానిక్ ఇంటికి వెళ్లు. ఆయన గుమ్మంలో నా తరఫున క్షమాపణ అడగకు. ఆ పని నాది. నీది మాత్రం నువ్వు చెప్పుకో. ఆవిడ లోపలికి రానివ్వకపోవచ్చు. నువ్వు గోదాం గుమ్మంలో అన్నమాట ఆవిడకి గుర్తుంటుంది. ఆవిడ ఏమన్నా పడు.

మీ అమ్మ ఈ ఉత్తరం కింద తనూ రెండు మాటలు రాస్తానంది. కలం తీసుకుని, కాగితం చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేసింది.

దీనికి జవాబు రాయకు. రాస్తే, నన్ను క్షమించిన మాట ఏ వాక్యంలో ఉందో ముందు వెతుక్కుంటాను, మెకానిక్ ఏమయ్యాడన్నది ఆ తర్వాతే చదువుతాను. నేనెలాంటి మనిషినో ఈ ఐదు నెలల్లో నాకు తెలిసింది.

ఇట్లు,
ఇన్నాళ్లకి నిజం రాసిన
నీ నాన్న